సోటో యాంకీస్‌ని వదలడం తప్పేం కాదు, లెక్క చూడండి

మీకూ మీ బావమరిదికీ గొడవల్లా "50 లక్షల డాలర్ల తేడాకే బేస్‌బాల్ ఆటగాడు హువాన్ సోటో న్యూయార్క్ జట్టు యాంకీస్‌ని వదిలేసి అదే ఊరి మరో జట్టు మెట్స్‌కి ఎందుకెళ్లాడు" అనేగా? మొత్తం ఒక్కటే పట్టుకుని కూర్చుంటే ఇది తెగదండీ, ఏళ్లు కూడా చూడాలి. 2024 డిసెంబర్‌లో మెట్స్ ఇచ్చింది 15 ఏళ్లకి 76.5 కోట్ల డాలర్లు, యాంకీస్ ఇస్తామన్నది 16 ఏళ్లకి 76 కోట్లు. అంటే ఏడాదికి మెట్స్ దగ్గర 5.1 కోట్లు, యాంకీస్ దగ్గర 4.75 కోట్లు, పైగా యాంకీస్‌కైతే ఒక ఏడాది ఎక్కువ ఆడాలి. 2029 సీజన్ అయ్యాక బయటికొచ్చే వీలు కూడా మెట్స్ ఒప్పందంలో ఉంది, అతను అలా వెళ్లకుండా ఆపాలంటే జట్టే జీతం పెంచాలి.

మరో బేస్‌బాల్ స్టార్ ఒటానీతో పోలిక మాత్రం మీ బావమరిది మానుకోవాలి. అతని జట్టు డాడ్జర్స్ రాసిచ్చిన 70 కోట్ల డాలర్లలో 68 కోట్లు 2034 నుంచి 2043 దాకా వడ్డీ లేకుండా వస్తాయి, సోటోకి అలా వాయిదా వేసింది పైసా కూడా లేదు.

మీ బాధ నాకు అర్థమవుతుంది. క్లీవ్‌ల్యాండ్ జట్టు మీద పదో ఇన్నింగ్స్‌లో సోటో కొట్టిన మూడు పరుగుల హోమ్ రన్‌తోనే కదా యాంకీస్ వరల్డ్ సిరీస్‌కి, అంటే ఫైనల్‌కి వెళ్లింది, అలాంటివాణ్ణి పక్క వీధి జట్టుకి పోగొట్టుకోవడం మామూలు దెబ్బ కాదు. అయినా 26 ఏళ్ల వయసులో అతని స్థానంలో ఎవరున్నా మెట్స్‌కే సంతకం పెట్టాలనే అంటాను.