ముందు అన్ని కుర్చీల్లోనూ కూర్చుని చూడు

అమ్మలూ,

నీ ఉత్తరమూ, దాంతోపాటు పంపిన ఫొటోలూ చూశాను. "పెద్దమ్మా, భోజనాల గది చూస్తేనే నీరసం వస్తోంది, చేతిలో పెద్దగా డబ్బు లేదు, మొదట ఏం కొనమంటావు" అని అడిగావు. మొదట ఏమీ కొనొద్దంటాను. అలిగితే అలుగు గానీ, ఒక వారం పాటు ఏమీ కొనకు.

ఆ వారంలో చేయాల్సిన పని ఒకటుంది. రోజుకో కుర్చీలో కూర్చుని తిను. ఇంట్లో ఎవరి కుర్చీ వాళ్లకి ఉంటుంది కదా, ఏళ్ల తరబడి అదే చోటు నుంచి గదిని చూస్తుంటాం. పక్క కుర్చీలో కూర్చునేవాళ్లకి ఏం కనిపిస్తుందో, కాలికి ఏం తగులుతుందో మనకి తెలీదు. నేనలా కూర్చున్నప్పుడే తెలిసింది, మీ పెదనాన్న పదేళ్లుగా ఎదురుగా కరెంటు మీటరు చూస్తూ తింటున్నారని. ఒక్కరోజు కూడా ఆ మాట అనలేదు. అడిగితే "అలవాటైపోయిందిలే" అన్నారు. ఇంకో కుర్చీలో కూర్చుంటే బల్బు నేరుగా కళ్లలోకి కొట్టేది. కిటికీ వైపు కుర్చీ వెనక్కి జరిపితే గోడకి తగిలేది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. చివరికి చూస్తే అందులో కొత్త వస్తువు కొంటే తీరేవి రెండే రెండున్నాయి.

నీ ఫొటోల్లో నాకు కనిపించింది చెప్పనా? గది పాతబడలేదమ్మా, నిండిపోయింది. టేబుల్ మీద సగం చోటు మందుల డబ్బాలు, ఛార్జర్లు, పాత బిల్లులు ఆక్రమించుకున్నాయి. మూలన ఆ ఇస్త్రీ బల్ల ఎందుకుంది? గదిలో ఉన్నవన్నీ ఒకరోజు బయట పెట్టెయ్, ఒక్క టేబుల్, కుర్చీలు తప్ప. బయట పెట్టినవి తిరిగి లోపలికి రావాలంటే తినడానికో, వడ్డించడానికో పనికిరావాలి. ఛార్జర్లకి వేరే చోటు చూపించకపోతే మాత్రం అవి మూడో రోజుకి మళ్లీ టేబుల్ ఎక్కుతాయి. కాబట్టి ఊరికే తీసెయ్యడం కాదు, వాటికో సొరుగు కేటాయించు.

ఖాళీ అయ్యాక టేప్ తీసుకుని కొలుచుకో. టేబుల్ అంచు నుంచి గోడకి 90 సెంటీమీటర్లు ఉంటే కుర్చీ హాయిగా వెనక్కి జరుగుతుంది. కూర్చున్నవాళ్ల వెనక నుంచి మనుషులు నడవాలంటే ఇంకో అడుగు కావాలి. ఒక్కో మనిషికి టేబుల్ అంచున 60 సెంటీమీటర్లు వదలాలి, లేకపోతే మోచేతులు కొట్టుకుంటాయి. నీ ఫొటో చూస్తే టేబుల్ గదికి సరిగ్గా మధ్యలో వేసినట్టుంది. గది మధ్యలోనే ఉండాలన్న రూలేమీ లేదు. ఒక పక్క గోడ వైపు జరిపి, అటు బెంచీ వేస్తే కుర్చీ లాగే చోటు మిగులుతుంది. ఇంట్లో బెంచీ ఉంటే పైసా ఖర్చు లేని మార్పు ఇది.

ఇప్పుడు లైటు. ఖర్చు పెట్టక తప్పదంటే మొదటి ఖర్చు ఇక్కడ పెట్టు. నీ గదిలో ఉన్నది నీలంగా కొట్టే తెల్ల బల్బు. ఆ వెలుతురులో మనుషులు జ్వరమొచ్చినట్టు, వండినవి చల్లారిపోయినట్టు కనిపిస్తాయి. బల్బు డబ్బా మీద కెల్విన్ అని ఒక అంకె ఉంటుంది. 6500 అంటే తెల్లటి వెలుగు, 2700 అంటే దీపపు వెలుగులాంటి పసుపు. తినే చోటికి 2700 నుంచి 3000 లోపు తీసుకో. పక్కనే సీఆర్ఐ అని ఇంకో అంకె ఉంటే అది 90 దాటిందా చూడు, దాటితే రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. గదిలో బల్బులన్నీ ఒకే కెల్విన్‌వి ఉండాలి. ఒకటి పసుపు, ఒకటి తెలుపు పెడితే ఎంత మంచి రంగు వేసినా గోడ మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది.

పైనుంచి వేలాడే దీపం పెట్టే ఆలోచన ఉంటే, దాని అడుగు టేబుల్ పైభాగానికి 75 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. అంతకన్నా పైకి పెడితే బల్బు కళ్లలో పడుతుంది, కిందికి పెడితే ఎదుటివాళ్ల ముఖం కనపడదు. కరెంటు పాయింటు టేబుల్‌కి సరిగ్గా పైన లేకపోతే కొత్త వైరింగ్ అక్కర్లేదు. కాస్త పొడుగు వైరు తీసుకుని, టేబుల్ పైన కప్పుకి గట్టి కొక్కెం బిగించి దాని మీదుగా వేలాడదీస్తే సరిపోతుంది. ఆ వైరు కలపడం మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే చేయించు. పొదుపు చేయడానికి వేరే చోట్లున్నాయి.

ఇక కుర్చీలు. నాకు చాలా ఇష్టమైన పని ఇది, కాస్త ఎక్కువే చెప్తాను.

కుర్చీలు మార్చేస్తానన్నావు. నేనూ ఒకసారి అలాగే ఒక దుకాణంలో అందంగా కనిపించాయని నాలుగు కుర్చీలు కొనుక్కొచ్చాను. ఇంటికొచ్చి కూర్చుంటే తొడలు టేబుల్ కింది చట్రానికి ఒత్తుకుంటున్నాయి. వెనక్కి తీసుకోమంటే వాళ్లు తీసుకోలేదు. తప్పు నాదే, కొలత తీసుకెళ్లలేదు. మామూలు టేబుల్ ఎత్తు 75 సెంటీమీటర్లు, కుర్చీ సీటు 45 ఉంటుంది. సీటుకీ టేబుల్‌కీ మధ్య 25 నుంచి 30 సెంటీమీటర్లు ఉండాలి. మా కుర్చీల సీటు ఎత్తు 50 దాటింది. సరే, కాళ్లు కోసేద్దామని మీ పెదనాన్న రంపం పట్టుకున్నారు. ఒక కాలు కాస్త ఎక్కువ తెగింది, దానికి సమానం చేయడానికి ఇంకోటి కోశారు, ఆ తర్వాత మొదటిది పొడుగయింది. ఆ కుర్చీ ఇప్పుడు పీటలాగా బాల్కనీలో ఉంది.

నీ కుర్చీలు ఫొటోలో చూస్తే గట్టి చెక్కవే. ఊగుతున్నాయన్నావు కాబట్టి ముందు ఎందుకు ఊగుతున్నాయో చూడు. కుర్చీని వేరే చోట పెట్టి చూస్తే ఊగకపోతే లోపం నేలది. కాలి కింద ఫెల్ట్ ముక్క అంటిస్తే తీరిపోతుంది. ఎక్కడ పెట్టినా ఊగుతుంటే అతుకు వదులై ఉండొచ్చు. దానికి మేకు కొట్టకు, చెక్క చీలుతుంది, తర్వాత వడ్రంగికి కూడా బాగుచేయడం కష్టం. అతుకు మెల్లగా ఊడదీసి, లోపల ఎండిపోయిన పాత జిగురంతా గీకెయ్. పాత జిగురు మీద కొత్త జిగురు పట్టదు, చాలామంది ఇక్కడే తొందరపడతారు. చెక్క జిగురు పూసి, అతుకు బిగించి, కాళ్ల చుట్టూ తాడు రెండు వరసలు కట్టి, ఆ వరసల మధ్య ఒక కర్ర దూర్చి మెలితిప్పు. తాడు బిగుసుకుని బిగింపు యంత్రంలా పట్టేస్తుంది. బయటికి కారిన జిగురు అప్పుడే తడిగుడ్డతో తుడిచెయ్. 24 గంటల దాకా ఎవరినీ కూర్చోనివ్వకు.

సీటు గుడ్డ మార్చడం ఇంకా తేలిక. కుర్చీని తిరగేస్తే కింద సాధారణంగా నాలుగు స్క్రూలు కనిపిస్తాయి. అవి తీస్తే సీటు పలకలా చేతిలోకొస్తుంది. పాత గుడ్డ పిన్నులు పీకి, ఆ గుడ్డనే కొలతకి వాడుకో. ఫోమ్ అణిగిపోయి ఉంటే 5 సెంటీమీటర్ల మందం ఉన్నది కొత్తది కోయించు. గుడ్డని సీటు కన్నా ప్రతి వైపూ 10 సెంటీమీటర్లు ఎక్కువ కోసుకో. స్టేప్లర్ గన్‌తో ముందు నాలుగు వైపులా మధ్యలో ఒక్కో పిన్ను కొట్టి, అక్కణ్నుంచి మూలల వైపు వెళ్లు. ఒక పక్కంతా పూర్తిచేసి రెండో పక్కకి వెళ్తే గుడ్డ వంకర పోతుంది. మూలలు చివర్లో, మంచం మీద దుప్పటి మూల మడిచినట్టు మడువు. సీటు 45 సెంటీమీటర్ల చదరం అయితే, 140 సెంటీమీటర్ల పన్నా గుడ్డలో వరసకి రెండు సీట్లు వస్తాయి. నీ ఆరు కుర్చీలకి రెండు మీటర్లు సరిపోతుంది. గీతల గుడ్డ మాత్రం తీసుకోకు, మొదటిసారి చేసేవాళ్ల చేతిలో ఆ గీతలు తిన్నగా రావు. పాత గుడ్డ తీయకుండా దాని మీదే ఇంకోటి వేస్తే మందం పెరిగి సీటు చట్రంలో కూర్చోదు, ఆ బద్ధకం పనికిరాదు.

ఆరు కుర్చీల్లో రెండు వేరే రకం అని బాధపడుతున్నావు. అన్నింటికీ ఒకే గుడ్డ వెయ్, ఆ రెండింటినీ టేబుల్ చివర్లలో పెట్టు. కావాలని అలా పెట్టినట్టే ఉంటుంది.

టేబుల్ మీద తెల్లటి వలయాలున్నాయి కదా, అవి వేడి గిన్నెలు, తడి గ్లాసుల గుర్తులు. తేమ పైన ఉన్న పాలిష్ పొరలో ఇరుక్కుని తెల్లగా కనిపిస్తుంది. పొడి నూలుగుడ్డ పరిచి, ఆవిరి లేకుండా గోరువెచ్చటి ఇస్త్రీ పెట్టె కొన్ని క్షణాలు ఆనించి తీసి చూడు. తేమ పోతే వలయం పోతుంది. ముందు ఎవరికీ కనపడని మూల పరీక్షించుకో. మచ్చ నల్లగా ఉంటే అది చెక్క లోపలికి దిగిందని అర్థం, ఇస్త్రీ పెట్టెకి లొంగదు. టేబుల్ పైభాగానికి పెయింట్ వేస్తానన్నావు, నాకైతే నచ్చలేదు. రోజూ వేడి తగులుతుంది, రోజూ తుడుస్తాం, ఏడాది తిరిగేసరికి పెచ్చులూడుతుంది. కాళ్లకి, కింది చట్రానికి రంగు వేసి, పైభాగం గీకించి పాలిష్ చేయించు.

రంగు ఎలా వేయాలో నా అనుభవం విను. మొదటిసారి నేను నూనె జిడ్డు కడగకుండా నేరుగా సాండ్‌పేపర్ పట్టాను. గీకడం వల్ల జిడ్డు చెక్క మీదే ఇంకా పరుచుకుంది, దాని మీద రంగు చేపపొలుసుల్లా లేచింది. కాబట్టి ముందు సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టు. తర్వాత 120 నంబరు సాండ్‌పేపర్, ఆపైన 220. దుమ్ము తుడిచి ప్రైమర్, అది ఆరాక పలచగా రెండు కోట్లు. చేతికి అంటకపోతే ఆరిపోయిందనుకుంటాం, కానీ లోపల గట్టిపడడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నేను మూడో రోజున ప్లాస్టిక్ కవర్ పరిచాను. తీసేటప్పుడు కవర్‌తో పాటు రంగూ వచ్చేసింది. చాలా పాతకాలపు రంగు మీద అసలు పొడిగా గీకకు, అందులో సీసం ఉండొచ్చు. ఇంట్లో పసివాళ్లున్నప్పుడు ఆ దుమ్ముతో ఆటలొద్దు. ఇంకో మాట, పాలిష్‌కి అవిసె నూనె వాడితే ఆ గుడ్డలు ఉండచుట్టి బుట్టలో పడేయకు. వాటంతటవే వేడెక్కి మంట అంటుకోవచ్చు. విప్పి బయట ఆరేసి, పూర్తిగా ఎండాకే పారెయ్.

గోడలన్నీ వేయించక్కర్లేదు, కుర్చీలు తగిలి గీతలు పడిన గోడ ఒక్కటి చాలు. ఒక లీటరు రంగు ఒక కోటుకి సుమారు 10 నుంచి 12 చదరపు మీటర్లు వస్తుంది. నీ గోడ 4 మీటర్ల పొడవు, 2.7 ఎత్తు అన్నావు కాబట్టి రెండు కోట్లకి రెండు లీటర్లు. షేడ్ కార్డు చూసి ఎంచుకోకు. పెద్ద అట్టకి ఆ రంగు రెండు కోట్లు వేసి, పొద్దున్న ఒకసారి, రాత్రి కొత్త బల్బు కింద ఒకసారి ఆనించి చూడు. అందుకే బల్బు ముందు మార్చమన్నాను. బొత్తిగా మెరుపు లేని రంగు తుడిస్తే మరక పోదు, కాస్త నిగనిగలాడేది తీసుకో. కుర్చీ వీపు తగిలే ఎత్తులో ఒక సన్నటి చెక్కపట్టీ కొట్టిస్తే ఆ గీతల బాధ మళ్లీ ఉండదు.

మిగతావి చిన్నవి. కర్టెన్ రాడ్డు కిటికీ కన్నా నాలుగైదు అంగుళాలు పైకి, పక్కలకి కూడా అంతే వెడల్పుగా బిగిస్తే కిటికీ పెద్దదనిపిస్తుంది. గుడ్డ ఉతికాకే కోయించు, నూలుది కుదించుకుపోతుంది. పటాలు నిలబడి చూసే ఎత్తులో కాకుండా, కూర్చున్నవాళ్ల కంటికి అందేలా కాస్త కిందికి తగిలించు. అద్దం పెడితే కిటికీకి ఎదురుగా పెట్టు, తినేవాళ్లకి ఎదురుగా వద్దు, నమిలేటప్పుడు మన ముఖం మనం చూసుకోలేం. తివాచీ ఊసెత్తకు. అది టేబుల్‌కి నాలుగు వైపులా 60 సెంటీమీటర్లు బయటికి ఉంటేనే కుర్చీ కాళ్లు అంచుకి తట్టుకోవు, అంతదానికి డబ్బు దండగ. పైగా ఉతికేది నువ్వే.

ఆ వారం అయ్యాక నీ కాగితం మీద ఏం తేలిందో రాయి. ఈసారి ఫొటోలు గుమ్మంలో నిలబడి తీసినవి వద్దు, మీ అత్తగారు కూర్చునే కుర్చీలో కూర్చుని తీసి పంపు.

ప్రేమతో,
పెద్దమ్మ