మత్తు ఇచ్చాక తీసిన రక్తం ఏం చెబుతుంది?

పశువైద్యం: పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మధుమేహంపై ఎలుకలతో పరిశోధన చేస్తున్నాను. కెటమిన్, జైలజిన్ అనే మత్తుమందులు కలిపి ఇచ్చి అరగంటకు రక్తం తీస్తే, ఏ చికిత్సా చేయని కంట్రోల్ ఎలుకల్లోనూ చక్కెర ఎక్కువ చూపిస్తోంది. గ్లూకోమీటరును అనుమానించాలా?
– పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: మీటరు జోలికి పోకండి, అది జైలజిన్ చేసే పని. క్లోమంలో ఇన్సులిన్ వదిలే బీటా కణాల మీద ఆల్ఫా-2 గ్రాహకాలు, అంటే మందు అతుక్కునే చోట్లు ఉంటాయి. జైలజిన్ వాటికి అతుక్కోగానే ఇన్సులిన్ విడుదల పడిపోతుంది. కాలేయం మాత్రం గ్లూకోజ్ వదులుతూనే ఉంటుంది. మేత తిన్న ఎలుకలో 20 నిమిషాల్లోనే చక్కెర ఎగబాకుతుంది, పస్తుంచినదాంట్లో ఆ పెరుగుదల అంతగా కనబడదు. ఒకే గుంపులో కొన్ని తిన్నవీ కొన్ని పస్తువీ ఉంటే ఆ సగటు దేనికీ పనికిరాదు. ఐసోఫ్లూరేన్ అనే మత్తు వాయువుకు మారినా బాధ తప్పదు. బీటా కణాల్లో పొటాషియం ఛానెళ్లు మూసుకుంటేనే ఇన్సులిన్ బయటికొస్తుంది, ఆ వాయువు వాటిని మూసుకోనివ్వదు. పాత ల్యాబుల్లో వాడిన ఈథర్ అయితే ఇంకా అన్యాయం, ఎడ్రినల్ గ్రంథిని పనిచేయించే ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ను అదే ఎగదోస్తుంది.

కుదిరితే మత్తు లేకుండా తోక చివర నుంచి తీయండి. వారం ముందు నుంచే ఎలుకలను చేతికి మచ్చిక చేసుకోండి. బోను కదిపినప్పటి నుంచి 3 నిమిషాల్లో రక్తం గొట్టంలో పడాలి, ఆ తర్వాత ఒత్తిడి హార్మోన్ కార్టికోస్టిరాన్ పెరగడం మొదలవుతుంది. బోనులో నాలుగు ఎలుకలుంటే, మొదటిదాన్ని పట్టుకున్న క్షణం నుంచి మిగతా మూడింటికీ ఆ 3 నిమిషాలు కరిగిపోతున్నట్టే. చాలామంది పొరబడేది ఇక్కడే. నాలుగింటినీ ఒకేసారి తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. వేళ కూడా రోజూ ఒకటే ఉండాలి. ఎర్రకణాలు చిట్లిన నమూనాను ఇన్సులిన్ పరీక్షకు పంపకండి, వాటిలోని ఎంజైము ఇన్సులిన్‌ను తినేస్తుంది. పద్ధతి మార్చేముందు మీ సంస్థ జంతు నైతిక కమిటీ అనుమతి తీసుకోండి.

ఆడ ఎలుకలతో పని చేసేవాళ్లకు ఒక్క మాట. అండం విడుదలయ్యే ముందురోజు మధ్యాహ్నం రెండింటికి బార్బిట్యురేట్ రకం మత్తు ఇస్తే, అండాన్ని విడుదల చేయించే ఎల్‌హెచ్ హార్మోన్ పొంగు ఆగి, అండం విడుదల సరిగ్గా 24 గంటలు వెనక్కిపోతుందని ఎవరెట్, సాయర్ అనే శాస్త్రవేత్తలు 1950లోనే చూపించారు. సాయంత్రం ఇస్తే ఏమీ కాదు.

ప్రశ్న: గిట్ట ఆపరేషన్‌కు మా గేదెకు జైలజిన్ వేశారు. గంటసేపు ధారగా మూత్రం పోసింది. కిడ్నీలు పాడయ్యాయా? రెండు నెలల్లో మళ్లీ వేయాలంటున్నారు, అప్పటికి ఎనిమిదో నెల చూడితో ఉంటుంది.
– పాడి రైతు, గుంటూరు జిల్లా

జవాబు: కిడ్నీలకేం కాలేదు. మూత్రాన్ని చిక్కబరిచే ఏడీహెచ్ అనే హార్మోన్ పని ఈ మందు వల్ల కాసేపు మందగిస్తుంది. ఇన్సులిన్ తగ్గి పెరిగిన చక్కెర కూడా నీటిని లాగుతుంది. తల నిలబెట్టి, మింగడం మొదలుపెట్టాకే నీళ్లు పెట్టండి, అంతకుముందు పెడితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పడుకున్నంతసేపూ పక్కకు ఒరగనివ్వకుండా రొమ్ము మీద కూర్చోబెట్టండి. పొట్టలో కదలిక ఆగి ఉంటుంది కాబట్టి ఉబ్బరం రావచ్చు.

ఎనిమిదో నెలలో మాత్రం వద్దు. జైలజిన్ గర్భాశయాన్ని ఈత నొప్పులు తెచ్చే ఆక్సిటోసిన్ హార్మోన్ లాగే బిగిస్తుంది, చూడి పోయే ప్రమాదం ఉంది. లిగ్నోకెయిన్‌తో ఆ కాలికి మాత్రమే తిమ్మిరి ఇవ్వగలరేమో డాక్టరుగారిని అడగండి. మోతాదు గురించి కూడా: ఆవులకు, గేదెలకు గుర్రం మోతాదులో పదో వంతు చాలు. 400 కిలోల పశువుకు కిలోకు 0.05 మి.గ్రా. చొప్పున 20 మి.గ్రా., అంటే మి.లీ.కు 20 మి.గ్రా. ఉన్న సీసాలోంచి 1 మి.లీ. గుర్రాల కోసం మి.లీ.కు 100 మి.గ్రా. ఉండే సీసాలూ దొరుకుతాయి. పొరపాటున అందులోంచి 1 మి.లీ. లాగితే ఐదు రెట్లు పడుతుంది. కండలోకి ఇచ్చేముందు లేబుల్ చదవాల్సిందే.

ప్రశ్న: ఆపరేషన్ మర్నాడు మా ల్యాబ్రడార్‌కు థైరాయిడ్ టీ4 తక్కువ వచ్చింది. మాత్రలు మొదలుపెట్టాలా?
– విజయవాడ పాఠకుడు

జవాబు: ఇప్పుడే వద్దు. మత్తు, కోత, జబ్బు ఏదైనా టీ4ను తాత్కాలికంగా దించగలదు. పూర్తిగా కోలుకున్నాక, కొన్ని వారాలు ఆగి, థైరాయిడ్‌ను నడిపే టీఎస్‌హెచ్ హార్మోన్ పరీక్షతో కలిపి మళ్లీ చేయించండి.

ప్రశ్న: ఎటోమిడేట్ అనే మత్తుమందు గుండెకు భారం కాదంటారు. ఏసీటీహెచ్ పరీక్ష చేయాల్సిన కుక్కకు వాడవచ్చా?
– పశువైద్య విద్యార్థి, తిరుపతి

జవాబు: గుండె విషయంలో నిజమే. కానీ ఎడ్రినల్ గ్రంథి వదిలే కార్టిజాల్ హార్మోన్ తయారీలో చివరి మెట్టయిన 11-బీటా-హైడ్రాక్సిలేజ్ ఎంజైమును అది అడ్డుకుంటుంది. 1983లో బ్రిటన్‌లో ఇంటెన్సివ్ కేర్ రోగులకు దీన్ని ఆపకుండా డ్రిప్‌లో ఇచ్చినప్పుడు మరణాలు పెరిగాయని తేలాక అందరి కళ్లూ దీని మీద పడ్డాయి. కుక్కకు ఒక్కసారి ఇచ్చినా దాదాపు 6 గంటలు ఎడ్రినల్ గ్రంథి స్పందించదు. ఆ వ్యవధిలో ఏసీటీహెచ్ ఇచ్చి చూస్తే ఆరోగ్యంగా ఉన్న కుక్క కూడా అడిసన్ వ్యాధి (ఎడ్రినల్ గ్రంథి సరిగా పనిచేయకపోవడం) ఉన్నదానిలా కనిపిస్తుంది. కాబట్టి పరీక్ష ముందు పూర్తిచేయండి: ఇవ్వకముందు ఒక నమూనా, కిలోకు 5 మైక్రోగ్రాముల కృత్రిమ ఏసీటీహెచ్ సిరలోకి ఇచ్చాక 60 నిమిషాలకు ఇంకొకటి. నిజంగానే అడిసన్ ఉన్న కుక్కకైతే ఎటోమిడేట్ ముట్టుకోకండి. లోపలి ఏసీటీహెచ్ స్థాయి కూడా కొలవాలంటే మొదటి నమూనాలో కొంత చల్లబరిచిన ప్లాస్టిక్ ఈడీటీఏ గొట్టంలో (రక్తం గడ్డకట్టనివ్వనిది) తీసి, వెంటనే ప్లాస్మా వేరుచేయండి. గాజు గొట్టమైతే ఆ హార్మోన్ గోడలకు అంటుకుపోతుంది.