డాక్యుమెంట్స్‌లో పెట్టిన ఫైలు ఏమైంది?

ప్రశ్న: మా ఆఫీసులో ఉత్తరాలు, రిపోర్టులు తయారుచేసేది నేనే. వర్డ్‌లో టైపు చేసి డాక్యుమెంట్స్‌లో సేవ్ చేశాను. అదే ఫైలును లిబ్రేఆఫీస్ అనే ఇంకో ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో తెరవబోతే డాక్యుమెంట్స్ ఫోల్డరు ఖాళీగా కనిపించింది. ఫైలు పోయిందా? నేను ఎక్కడ చూడాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: కంగారు పడకండి, మీరు రాసినదాన్ని బట్టి ఫైలు పోలేదు. ఇంకో డాక్యుమెంట్స్ ఫోల్డరులో ఉండే అవకాశమే ఎక్కువ. ముందుగా వర్డ్ తెరిచి రీసెంట్ జాబితాలో ఆ ఫైలు మీద నొక్కండి. తెరుచుకున్నాక ఫైల్ మెనూలో ఇన్ఫోకి వెళ్తే, ఫైలు పేరు కింద అది ఉన్న చోటు కనిపిస్తుంది. అక్కడ వన్‌డ్రైవ్ (ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సేవ) అన్న మాట ఉందేమో చూడండి.

విండోస్‌లో డాక్యుమెంట్స్ మామూలుగా సీ డ్రైవ్‌లో, యూజర్స్ అనే ఫోల్డరులో, మీ పేరుతో ఉన్న ఫోల్డరు లోపల ఉంటుంది. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్ చేస్తే అది వన్‌డ్రైవ్ ఫోల్డరు లోపలికి మారిపోతుంది. కంప్యూటర్ కొత్తగా పెట్టుకున్నప్పుడు వచ్చే ప్రశ్నలకు వరసగా సరే కొట్టుకుంటూ పోయినవాళ్లకు ఈ మార్పు జరిగినట్టే తెలియదు. ఫైలు తెరిచేటప్పుడు, సేవ్ చేసేటప్పుడు వచ్చే పెట్టె, అంటే డైలాగ్ బాక్సు, ఎడమవైపు మాత్రం ఎప్పటిలాగే డాక్యుమెంట్స్ అనే కనిపిస్తుంది. మీ లిబ్రేఆఫీస్‌లో పాత చోటు రాసిపెట్టి ఉంటే అది పాత ఫోల్డరునే తెరుస్తుంది. టూల్స్‌లో ఆప్షన్స్, అందులో పాత్స్ తెరిచి, మై డాక్యుమెంట్స్ అన్న వరసలో ఏముందో చూసి, వర్డ్ చూపించిన ఫోల్డరుకే మార్చండి. ఎక్స్‌ప్లోరర్‌లో డాక్యుమెంట్స్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్ చూస్తే, విండోస్ ఇప్పుడు ఏ ఫోల్డరును ఆ పేరుతో పిలుస్తోందో తేలిపోతుంది. ఒకటి గుర్తుంచుకోండి: తొందరపడి వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆపేయకండి. ఆపినా ఫైళ్లు చాలాసార్లు వన్‌డ్రైవ్ ఫోల్డరులోనే ఉండిపోతాయి, మీకేమో డాక్యుమెంట్స్ మళ్లీ ఖాళీగా కనిపిస్తుంది.

ఈ గందరగోళం కొత్తది కాదు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో మై డాక్యుమెంట్స్ నుంచి ఒక మెట్టు పైకి వెళ్లమంటే డైలాగ్ బాక్సు డెస్క్‌టాప్‌కి తీసుకెళ్లేది. డిస్కులో చూస్తే ఆ ఫోల్డరు ఉన్నది డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్‌లో. 2009లో విండోస్ 7 లైబ్రరీలు తెచ్చి, రెండు మూడు ఫోల్డర్లను ఒకే పేరు కింద కలిపి చూపించింది. వాడేవాళ్లకు సులువుగా ఉండాలనే ఇదంతా చేశారు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఆఫీసు పనివాళ్లకు ఏళ్లుగా కంప్యూటర్ నేర్పుతున్నదాన్ని, అసలు చోటు దాచడం వల్ల సులువైనవాళ్ల కంటే కంగారుపడ్డవాళ్లనే ఎక్కువ చూశాను. సేవ్ నొక్కే ముందు పూర్తి చోటు కళ్లెదుట పెట్టడం సాఫ్ట్‌వేర్ బాధ్యత.

మీరు ఉత్తరాల పని చేస్తారు కాబట్టి ఇంకో ప్రమాదం చెప్పాలి. మెయిల్‌లో వచ్చిన ఫైలును అవుట్‌లుక్ నుంచే నేరుగా తెరిస్తే, అది మీరెప్పుడూ వెళ్లని తాత్కాలిక ఫోల్డరులోకి దిగుతుంది. దాంట్లో గంటసేపు దిద్దుబాట్లు చేసి సేవ్ కొడితే అవి అక్కడే ఉండిపోవచ్చు. ఆ ఫోల్డరు ఖాళీ అయిందంటే మీ శ్రమ దొరకదు. పైగా డైలాగ్ బాక్సు చివరిసారి వాడిన ఫోల్డరును గుర్తుపెట్టుకుంటుంది కనుక, ఆ తర్వాత తెరిచే ఫైలుకూ అదే చోటు చూపించవచ్చు. అటాచ్‌మెంటును ముందు మీకు తెలిసిన ఫోల్డరులో సేవ్ చేసి, అక్కడి నుంచి తెరవండి. ఈ ఒక్క అలవాటు కోసం నేను నా విద్యార్థులను ఎంత విసిగించినా తప్పులేదనుకుంటాను.

ప్రశ్న: వర్డ్‌లో సేవ్ యాజ్ అంటే పెద్ద పేజీ వస్తోంది. పాత పెట్టె నేరుగా రావాలంటే?
– ఇంకో పాఠకుడు

జవాబు: ఎఫ్12 నొక్కండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ మీటను కూడా కలిపి నొక్కాలి. ఆ పెట్టెలో ఫైల్ నేమ్ గడిలో రెండు చుక్కలు టైపు చేసి ఎంటర్ కొడితే ఒక ఫోల్డరు పైకి వెళ్తారు. మీ ఫైళ్లు ఎప్పుడూ ఒకే ఫోల్డరులో పెడుతుంటే, ఆప్షన్స్‌లోని సేవ్ పేజీలో డిఫాల్ట్ లోకల్ ఫైల్ లొకేషన్ దగ్గర దాన్ని ఇచ్చి, దాని పైనే ఉండే సేవ్ టు కంప్యూటర్ బై డిఫాల్ట్‌కు టిక్కు పెట్టండి.