రాయి ఎత్తేముందు ఒక్క నిమిషం ఆగు

బుజ్జీ,

ఆదిమానవుల రాతి పనిముట్లేమోనని నువ్వు పంపిన పన్నెండు రాళ్ళ ఫోటోలూ చూశాను. అన్నీ అరచేతిలో పెట్టుకుని తీశావు, ఒక్కదానికీ ఎక్కడ దొరికిందో రాయలేదు. ముందు దాని గురించే నిన్ను తిట్టాలి, రాళ్ళను గుర్తుపట్టడం తర్వాత చూద్దాం.

నేనూ మొదట్లో ఇదే చేశాను లే. రెండేళ్ళు ఏరినవన్నీ ఒకే రేకుడబ్బాలో వేసుకుని తిరిగి, చివరికి తెలిసినాయనకు గర్వంగా చూపిస్తే ఆయన "ఏది ఎక్కడిది?" అని ఒక్క ప్రశ్న అడిగారు, నాకు నోట మాట రాలేదు. పైగా డబ్బాలో ఒకదానికొకటి కొట్టుకుని అంచులు పెచ్చులూడిపోయాయి, అది డబ్బా చేసిన పనో మనిషి చేసిన పనో నాకే తెలియలేదు. అందుకే దేని సంచి దానికి వేరుగా ఉండాలి, లోపల పెన్సిల్‌తో రాసిన చీటీ ఉండాలి (పెన్ను ఇంకు తడికి పోతుంది). రాయిని కదపకముందే పక్కన స్కేలు పెట్టి ఫోటో తియ్యి, ఫోన్‌లో లొకేషన్ నోట్ చేసుకో.

ఇదంతా చాదస్తం అనుకోకు. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలోని ఫోల్సమ్ దగ్గర 1908 వరద తర్వాత జార్జ్ మెక్‌జంకిన్ అనే పశువుల కాపరికి వాగు గట్టులో పెద్ద పెద్ద ఎముకలు కనిపించాయి. 1926లో అక్కడ తవ్వినప్పుడు రాతి మొనలు (బల్లెం లాంటి ఆయుధాల కొనకు కట్టేవి) దొరికాయి కానీ మట్టిలోంచి విడిగా వచ్చేయడంతో అవి ఆ ఎముకల కాలానివేనని చాలామంది ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది ఒక మొన, అంతరించిపోయిన అడవిదున్న పక్కటెముకల మధ్య ఇరుక్కుని కనిపిస్తే, తవ్వేవాళ్ళు దాన్ని ముట్టుకోకుండా అలాగే ఉంచి పండితులను పిలిపించారు. మంచుయుగం చివరికే అక్కడ మనుషులున్నారన్న సంగతి అప్పుడు తేలింది. అదే మొనను పెరికి జేబులో వేసుకుని ఉంటే ఇంకో పదేళ్ళు వాదించుకునేవాళ్ళు. కాబట్టి గట్టులోనో గుంట గోడలోనో మట్టిపొరలో ఇరుక్కుని ఉన్నది కనిపిస్తే చెయ్యి పెట్టకు, ఫోటో తీసి పురావస్తు శాఖ వాళ్ళకు చెప్పు. పైన పడి ఉన్నదాన్ని తీసుకోవడం కూడా కొన్ని దేశాల్లో నేరమే, ముందు అక్కడి చట్టం కనుక్కో, పొలమైతే యజమానిని అడుగు.

ఇక గుర్తుపట్టడం. చెకుముకి రాయి గాజులా పగులుతుంది. సుత్తిరాయితో దెబ్బ కొట్టిన చోట చిన్న చదునైన అంచు, దాని కిందే, ఊడివచ్చిన పెచ్చు లోపలి ముఖం (రాయికి అతుక్కుని ఉన్న వైపు) మీద ఉబ్బు, ఆ ఉబ్బు నుంచి నీటి అలల్లా వ్యాపించే గీతలు ఉంటాయి. రెండో ముఖం మీద అంతకుముందు ఊడగొట్టిన పెచ్చుల గుంటలు కనిపించాలి. వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుని చూడు, ఫ్లాష్ వేస్తే ఏమీ కనపడదు. చలికి పగిలిన రాయికి ఆ ఉబ్బు ఉండదు. వాగులో దొర్లిన రాయికి అంచు నిండా పెచ్చులు ఊడి ఉంటాయి కానీ ఒక వరస ఉండదు, కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. పాత ముఖం మీద కాలక్రమేణా ఒక పొర పట్టి రంగు మారుతుంది, ఆ పొరను కోసుకుంటూ లోపలి రంగు మెరుస్తోందంటే అది నిన్నమొన్నటి నాగలి దెబ్బ. అయితే స్ఫటికం లాంటి రాళ్ళలో ఇవేవీ సరిగ్గా కనిపించవు, అక్కడ నేనూ తడబడతాను.

మొనల విషయంలో అందరూ కొన వైపే చూస్తారు. కొన విరుగుతుంది, మళ్ళీ పదును పెట్టుకుంటారు, ఆకారం మారిపోతుంది. కర్రకు కట్టే అడుగుభాగం మాత్రం పెద్దగా మారదు, రకాన్ని చెప్పేది అదే: గంట్లు ఉన్నాయా, కాడ ఉందా, లోపలికి వంపు ఉందా, ఉత్తర అమెరికాలో దొరికే క్లోవిస్ అనే పాతకాలపు మొనల్లోలా మధ్యలో గాడి ఉందా. అడుగు అంచుల మీద వేలు నెమ్మదిగా పోనిచ్చి చూడు, కొన్నిటికి అక్కడ మొద్దుగా అరగదీసి ఉంటారు, కర్రకు కట్టిన జంతువు నరం తెగకుండా. అది తగిలినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది. అన్నట్టు, ప్రతిదాన్నీ బాణపు మొన అనెయ్యకు, పెద్దవి బల్లెం మొనలో కత్తులో అయ్యుంటాయి.

అందమైన వాటి కోసమే వెతకొద్దు. ఒకేచోట పెచ్చులు కుప్పగా ఉంటే అక్కడ ఎవరో కూర్చుని పని చేశారన్నమాట, నాకైతే ఒంటరిగా దొరికిన మంచి మొన కంటే అదే విలువైనది. వైర్ బ్రష్, యాసిడ్ దగ్గరకు రానివ్వకు, అంచున వాడకపు గుర్తులు పోతాయి. కొనడం అసలే వద్దు, 19వ శతాబ్దంలోనే ఇంగ్లండ్‌లో ఫ్లింట్ జాక్ అనేవాడు నకిలీ మొనలు చెక్కి అమ్ముకుని బతికాడు, ఇప్పుడు అంతకంటే నేర్పరులున్నారు.

నీ ఏడో ఫోటోలో రాయి మీద నాకు అనుమానంగా ఉంది, వాగు రాయి కాదనిపిస్తోంది. అడుగువైపు నుంచి, రెండు ముఖాలూ కనపడేలా మళ్ళీ తీసి పంపు. పక్కన స్కేలు మర్చిపోకు.

మీ పెదనాన్న