సార్ లోపలికి పిలవమన్న మనిషి ఇంకా బయటే ఉన్నారు

హసన్‌పర్తి నుంచి 57 ఏళ్ల అక్క ఉత్తరం రాశారు. ఇరవై ఏళ్లుగా షుగర్. హనుమకొండలో చూపించుకునే డాక్టర్ గారు నిరుడు పోయారు, ఆయన భార్య, ఆమె కూడా డాక్టరే, మొన్న సంక్రాంతికి ముందు పోయారు. ఇప్పుడు వెళ్తున్న పెద్ద ఆసుపత్రిలో టోకెన్ తీసుకుని మూడు గంటలు కూర్చున్నా డాక్టర్ కంప్యూటర్ మీంచి తల ఎత్తరట. మనసు విరిగి రెండు నెలల నుంచి మందులు మానేశారు. "సార్ లెక్క మంచిగ మాట్లాడే డాక్టర్ ఇంకెవరన్న ఉంటె చెప్పుండ్రి" అని అడిగారు.

అక్కా, పేర్లేమీ చెప్పను. చెప్పినా అక్కడికీ వెళ్లి సార్‌నే వెతుక్కుంటారు. ముందు రేపు పొద్దున పాత చీటీలన్నీ పట్టుకుని ఆ తల ఎత్తని డాక్టర్ దగ్గరికే పోండి, మూడు నెలల సగటు చెప్పే పరీక్ష చేయించుకుని ఆయన రాసిన మోతాదులో మందులు మళ్లీ మొదలుపెట్టండి. డబ్బుల ఇబ్బంది ఉంటే సర్కారు దవాఖానలో షుగర్ గోలీలు ఉచితంగానే ఇస్తారు. సార్ మీద ప్రేమతో మందులు మానేయడం ఏం ప్రేమ? ఇరవై ఏళ్లు ఆయన పడ్డ కష్టాన్ని మీ చేతులతో మీరే పాడు చేస్తున్నారు.

డాక్టర్ పోతే సొంత మనిషి పోయినట్టు ఏడుస్తారా అని నవ్వే వాళ్లను వదిలేయండి. ఓరుగల్లుకు ఆ ఏడుపు కొత్తది కాదు. పిల్లల డాక్టర్ రామనాథం గారిని 1985 సెప్టెంబర్ 3న ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు, ఇన్నేళ్లయినా ఆయన్ను తలుచుకునే వాళ్లున్నారు.

ఇక నా మనసుకు గుచ్చుకున్న మాట. సార్ మీ చెప్పులు విప్పించి, కళ్లు మూసుకోమని, దూదితో అరికాలు మీద రాసి "తగిలిందా అమ్మా" అని అడిగేవారని పేజీన్నర రాశారు. మధ్యలో ఒకే ఒక్క లైను, "మా ఆయన బయట వేపచెట్టు కింద స్కూటర్ మీద కూసునేటోడు, సార్ లోపలికి పిలువుమంటె ఎందుకు సార్ అనేదాన్ని" అని. ఇరవై ఏళ్లు ఆ మనిషి ఎండలో వానలో మిమ్మల్ని తీసుకొచ్చి బయటే కూర్చున్నారు. "ఏ డాక్టరైతే ఏంది" అన్నందుకు మూడు నెలల నుంచి ఆయనతో మాట్లాడటం లేదంటున్నారు. లోపల ఏం జరిగేదో చూడని మనిషికి సార్ విలువ ఎట్లా తెలుస్తుంది? పిలవకపోయినా లోపలికి రావాల్సిన బాధ్యత ఆయనకుంది, రిటైరైన పంతులు గారు, ఆమాత్రం తెలియదా అని నాకూ కోపం వచ్చింది. కానీ ఉత్తరం రాసింది మీరు కాబట్టి మీకే చెబుతున్నా. మీ రోగం, మీ భయం, మీ ఏడుపు అన్నీ సార్ దగ్గర పెట్టి, ఇంట్లో మనిషికి బండి నడిపే పని ఒక్కటి ఇచ్చారు. సార్ మిమ్మల్ని అడిగి అడిగి కాదనిపించుకున్నది ఆ ఒక్క విషయమే.

మొగుడి ముందు ముందుగా నోరు తెరిస్తే చిన్నతనం అనుకుంటున్నారేమో. ఆత్మాభిమానం నాకూ చాలా ఇష్టమైన మాటే అక్కా, కానీ షుగర్‌తో కాళ్లు మొద్దుబారుతున్న మనిషి మౌనవ్రతం పడితే నష్టం ఎవరికి?

రేపు చీటీల కట్ట ఆయన చేతికిచ్చి లోపలికి తీసుకుపోండి. టోకెన్ పిలిచేదాకా ఆ మూడు గంటలు ఇద్దరూ పక్కపక్కనే కూర్చోండి, మాటలు వాటంతట అవే వస్తాయి. రాత్రి పడుకునే ముందు మీ అరికాళ్లు ఆయన్ను చూడమనండి. భర్త చేత కాళ్లు పట్టించుకుంటామా అని ముడుచుకోకండి, సార్ పట్టుకున్న కాళ్లే కదా. స్పర్శ తగ్గిన కాలికి ముల్లు గుచ్చుకున్నా మీకు తెలియదు, వేళ్ల సందుల్లో ఎర్రబడిందా, బొబ్బ లేచిందా అన్నది ఆయన కళ్లే చెప్పాలి. ఏ కాస్త తేడా ఉన్నా తెల్లారేసరికి స్కూటర్ తీయమనండి.