బుడాపెస్ట్‌లో మెడిసిన్: కాలేజీ గొప్పదే, మరి అమ్మాయి ఏమంటోంది?

ప్రశ్న: మా పాప నీట్‌లో క్వాలిఫై అయినా కన్వీనర్ కోటాలో సీటు రాలేదు. హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లోని సెమ్మెల్‌వైస్ యూనివర్సిటీలో చేరిస్తే యూరప్ డిగ్రీ వస్తుందని, తర్వాత జర్మనీలో స్థిరపడొచ్చని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. లేదంటే ఇక్కడే ప్రైవేటు కాలేజీలో బి కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) సీటు తీసుకోవాలా? ఎటు వెళ్లినా మూడెకరాల పొలం అమ్మాల్సిందే.
- ఓ తండ్రి, నరసరావుపేట

జవాబు: ఏటా కౌన్సెలింగ్ ముగిసే రోజుల్లో ఇదే ప్రశ్న నాకు ఎన్నో ఊళ్ల నుంచి వస్తుంది. మీరు రెండు కాలేజీల మధ్య తేడా అడిగారు. కానీ మిమ్మల్ని పీడిస్తున్నది ‘సీటు రాని పిల్ల’ అని నలుగురూ అంటారేమోనన్న దిగులు. ముందు దాన్ని వదిలేయండి. లక్షల మంది రాసే పరీక్షలో ప్రభుత్వ సీటు అందకపోతే పిల్ల చదువుకు వచ్చిన లోటేమీ లేదు.

సెమ్మెల్‌వైస్ గొప్ప విద్యాసంస్థ, అందులో అనుమానం లేదు. 1769లో మరియా థెరీసా మహారాణి ఏర్పాటుచేసిన వైద్య విభాగం నుంచి పుట్టింది. 1969లో డాక్టర్ సెమ్మెల్‌వైస్ పేరు పెట్టారు. ఆయన కథ మీ పాపకు తప్పక చెప్పండి. 1847లో వియన్నా ఆస్పత్రిలో డాక్టర్లు, విద్యార్థులు శవాలు కోసిన చేతులతోనే కాన్పులు చేసేవారు. ఆ ఏప్రిల్‌లో ఆయన వార్డులో నూటికి 18 మంది బాలింతలు చనిపోయారు. బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లతో చేతులు కడుక్కుని తీరాలని మే నెలలో ఆయన పట్టుబట్టారు. జూన్‌లో మరణాలు నూటికి రెండుకు తగ్గాయి. క్రిముల సంగతి ఇంకా తేలని కాలంలో, వార్డు లెక్కలు పోల్చి చూసి, శవపరీక్షలో కత్తి గాటు పడి చనిపోయిన తోటి డాక్టరు ఉదంతం గమనించి ఆయన కారణం పట్టుకున్నారు. పెద్ద డాక్టర్లు చాలామంది నమ్మలేదు.

సెమ్మెల్‌వైస్‌లో మెడిసిన్ ఆరేళ్ల కోర్సు. మొదటి రెండేళ్లు అనాటమీ (శరీర నిర్మాణం), హిస్టాలజీ (కణజాలం), ఫిజియాలజీ (శరీరం పనితీరు) వంటివి గట్టిగా చదివిస్తారు. పెద్ద పరీక్షలు చాలావరకు నోటితోనే. విద్యార్థి ఓ చీటీ తీయాలి, అందులో వచ్చిన అంశాన్ని కాసేపు ఆలోచించుకుని ప్రొఫెసర్ ఎదుట కూర్చుని వివరించాలి. మధ్యలో ఆయన ‘ఎందుకు?’ అంటారు. నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తించడం అలవాటైన మన పిల్లలకు మొదట్లో ఇది చాలా కష్టం. కానీ డాక్టరు కాబోయేవాళ్లకు ఇంతకంటే మంచి శిక్షణ లేదని నా అభిప్రాయం. విద్యార్థుల పరిశోధన సంఘం ద్వారా చదువుతుండగానే ల్యాబ్‌లో పనిచేసే వీలూ ఉంది.

నా అనుమానాలన్నీ కన్సల్టెన్సీ మాటల మీదే. పాఠం ఇంగ్లిష్‌లో చెబుతారు, నిజమే. వార్డులో పడుకున్న ముసలాయన మాత్రం నొప్పి ఎక్కడుందో హంగేరియన్‌లో చెబుతాడు. అది నేర్చుకోక తప్పదు. జర్మనీలో ప్రాక్టీసుకు జర్మన్ భాషా పరీక్షలు వేరే ఉన్నాయి. ‘యూరప్ డిగ్రీ’ అన్న ఒక్క మాటతో ఈ కష్టమంతా కప్పేస్తున్నారు. తిరిగి ఇక్కడికి రావాలంటే 2021 ఎన్ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) నిబంధనలున్నాయి: 54 నెలలకు తగ్గని చదువు, అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్, ఆ దేశ పౌరులతో సమానంగా అక్కడ ప్రాక్టీసు చేసే అర్హత, మళ్లీ ఇక్కడ మరో ఏడాది ఇంటర్న్‌షిప్. అక్కడి ఆరో ఏడాది క్లినికల్ రొటేషన్లతోనే (ఆస్పత్రిలో ఒక్కో విభాగంలో కొన్నాళ్ల చొప్పున పనిచేయడం) సాగుతుంది. దాన్ని ఇంటర్న్‌షిప్‌గా లెక్కిస్తారా లేదా అన్నది యూనివర్సిటీ నుంచీ, ఎన్ఎంసీ నుంచీ రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఏజెంటు ఫోన్లో చెప్పింది చెల్లదు.

బి కేటగిరీ సంగతి సులువు. భాష సమస్య లేదు, విదేశీ డిగ్రీలకు పెట్టే స్క్రీనింగ్ పరీక్షా లేదు. ఫీజు కట్టేముందు ఓ సోమవారం పొద్దున వెళ్లి ఆ కాలేజీ ఆస్పత్రి ఓపీలో కూర్చోండి. రోగులు లేకపోతే ఆ సీటు వద్దు.

ఇప్పుడు మీకు కోపం వచ్చినా సరే, ఒక మాట చెప్పాలి. మీరు పొలం గురించి రాశారు, కన్సల్టెన్సీ గురించి రాశారు, జర్మనీ గురించి రాశారు. పాప ఏమంటోందో ఒక్క ముక్క రాయలేదు. ఆరేళ్లు చలిలో, తెలియని భాషలో చదవాల్సింది తనే కదా! మెడిసిన్ తన కోరికా, మీ కోరికా? తను వద్దంటే ప్రపంచంలోని ఏ కాలేజీ అయినా దండగే. తనకు ఇష్టముండి, ‘ఎందుకు?’ అని తవ్వి అడిగే స్వభావం ఉంటే బుడాపెస్ట్ తనకు సరిపోతుంది. ఇష్టమే కానీ దూరం భయమంటే ఇక్కడే చదివించండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఇంకో ఏడాది నీట్ రాస్తానంటే రాయనివ్వండి.

తనను కూర్చోబెట్టి అడగండి, మధ్యలో మాట్లాడకుండా వినండి. తను తేల్చి చెప్పేదాకా పొలానికి అడ్వాన్సు తీసుకోకండి.