గొర్రెల ఈతల కాలంలో షెడ్డు కన్నా మనిషి ముఖ్యం

చిన్న గొర్రెల ఫారం పెడుతున్నానని, ఈతల సీజన్‌లో పిల్లలు చావకుండా ఎలాంటి షెడ్డు వేయాలని అడిగారు. మాది నాగర్‌కర్నూల్ వైపు, తాతల నాటి నుంచి మంద ఉంది. పిల్లల్ని కాపాడేది షెడ్డు కాదండీ, రాత్రి దొడ్డిలో పడుకునే మనిషి.

ఒకసారి పుష్యమాసంలో, ఎముకలు కొరికే చలి. తొలిచూలు గొర్రె ఒకటి సాయంత్రం నుంచే మందను విడిచి మూలకు పోయి కాలితో నేల గీరుతోంది. ఉమ్మనీరు పోయి గంట దాటినా ముక్కు, ఒక్క కాలు మాత్రమే కనిపిస్తున్నాయి. మామూలుగా రెండు ముందుకాళ్లూ, వాటి మీద ఆనుకుని ముక్కూ రావాలి. మా నాయన చేతికి సబ్బు రుద్దుకుని, నొప్పి ఆగినప్పుడు పిల్ల తలను మెల్లగా లోపలికి నెట్టాడు. మడతపడ్డ కాలి గిట్ట లోపల గీసుకోకుండా అరచేత్తో కప్పి ముందుకు తెచ్చాడు. ఆ తర్వాత గొర్రె ముక్కినప్పుడే కిందివైపుకు లాగాడు. పిల్ల బయటపడింది కానీ ప్రాణం లేదు. తల్లి దాన్ని నాకుతూ పిలుస్తూనే ఉంది.

అదే రాత్రి ఒక ముసలి గొర్రె కవలల్ని ఈనింది. నెల్లూరు రకం గొర్రెలు ఎక్కువగా ఒక్క పిల్లనే ఈనుతాయి. పైగా ఈ ముసలిదానికి ఒక చన్నులోనే పాలు. నాయన ఆ కవలల్లో ఒకదాన్ని తెచ్చి, చనిపోయిన పిల్ల ఒంటి తడి తల నుంచి తోక దాకా రుద్ది, తొలిచూలు గొర్రె ముందు పెట్టాడు. అది మొదట తలతో పొడిచింది. తర్వాత తోక దగ్గర వాసన చూసింది. మళ్లీ చూసింది. నేను మెడ పట్టుకుని కూర్చుంటే నాయన పిల్ల నోటికి చన్ను అందించాడు. తెల్లారేసరికి దాన్ని తన పిల్లలాగే నాకుతోంది.

లక్షలు పోసి నేలకు ఎత్తుగా లేపి కట్టిన షెడ్డు ఈ పని చేస్తుందా? యూట్యూబ్‌లో ఏడాదికి ఇన్ని లక్షల లాభం అని చెప్పేవాళ్లు ఈతల రాత్రి ఒక్కటి కూడా చూపించరు. అవి చూసి అప్పు చేసే కుర్రాళ్లను తలచుకుంటే నాకు కోపమూ బాధా రెండూ వస్తాయి.

ఇంకో మాట. మాయ, అంటే ఈనాక బయటికొచ్చే పొర, పడేదాకా పిల్లకు పాలు పట్టకూడదని ఊళ్లల్లో ఇప్పటికీ చెబుతారు. నన్నడిగితే తోడేళ్ల కన్నా ఆ మాటే ఎక్కువ పిల్లల్ని చంపింది. కడుపులో ఉండగా తల్లి నుంచి పిల్లకు రోగాన్ని తట్టుకునే శక్తి రాదు, ముర్రుపాలతోనే వస్తుంది. మొదటి గంటలోనే తాగించాలి. పిల్ల చీకితే మాయ కూడా తొందరగా పడుతుంది. మాయను చేత్తో లాగొద్దు, పడ్డాక కుక్కలు తినకుండా పూడ్చండి. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పెట్టండి. ఈసుకుపోయిన, అంటే నెలలు నిండకుండానే పిల్ల పడిపోయిన గొర్రెనైతే గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు, దానికి కారణమైన రోగం మనుషులకూ అంటవచ్చు. ఉమ్మనీరు పోయిన గంటకూ పిల్ల రాకపోతే, మీకు చేతి అలవాటు లేకపోతే, పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి.

పొట్టేలును ఏడాది పొడవునా మందలో తిరగనివ్వొద్దు, ఇది నేను గట్టిగా చెబుతాను. మృగశిర వానలు పడి పచ్చగడ్డి వచ్చాక నెలన్నర వదిలి, మళ్లీ వేరు చేయండి. గొర్రె చూలు సుమారు 150 రోజులు కాబట్టి ఈతలన్నీ చలికాలంలో దగ్గర దగ్గరగా వస్తాయి. ఏడాదంతా రాత్రులు కాపలా కాయడం ఎవరి వల్లా కాదు, నెలన్నర కాయొచ్చు. పిల్ల బరువులో ఎక్కువ భాగం చివరి నెలన్నరలోనే పెరుగుతుంది. సూడి గొర్రెకు దాణా అప్పుడే పెంచాలి. ఈతకు నెల ముందు చిటుకు రోగం (ఉన్నట్టుండి చంపే పేగుల రోగం) టీకా వేయిస్తే ఆ రక్షణ ముర్రుపాలతో పిల్లకూ అందుతుంది.

షెడ్డుకు మూడువైపులా గోడ, పైన రేకులు, కింద పొడి గడ్డి ఉండి చలిగాలి తగలకపోతే చాలు. మిగిలిన డబ్బుతో కాపరికి మంచి జీతం ఇవ్వండి. ఆ నెలన్నర అతనితోపాటు మీరూ దొడ్డిలోనే పడుకోండి.